ప్లీడరు లేవడం లేదు

ఆగస్టు 6, బుధవారం

ముందుగా క్షమాపణలు. ఈ డైరీని ఎవరూ చదవరు కనుక, ఆ చదవనివారందరికీ శిరస్సు వంచి, చేతులు జోడించి, అవసరమైతే మోకాళ్ల మీద నిలబడి మనవి చేసుకుంటున్నాను. ఇకమీద ఈ పేజీల్లో కన్నతండ్రిని తిట్టడం జరుగుతుంది. పశువైద్య శాస్త్రాన్ని, ఎదురింటి అత్తయ్యను, మోటారు వాహనాన్ని కనిపెట్టిన మహానుభావుణ్ని కూడా తిట్టడం జరుగుతుంది. భాష దిగజారుతుంది. న్యాయం, సమతూకం, ఇరుపక్షాల వాదన లాంటివి కావలసినవారు పక్కింటి డైరీ చూసుకోగలరు. ఇంతటి ఘోరానికి పాల్పడుతున్నందుకు నాకు ఎంతమాత్రమూ బాధగా లేదు. అయినా క్షమించండి.

విషయం. నిన్న మా కుక్కకు వెనక ఎడమకాలు తీసేశారు.

వాడి పేరు ప్లీడరు. గేటు దగ్గర నిలబడి వచ్చేపోయే ప్రతి ఒక్కరితోనూ వాదిస్తాడు కనుక ఆ పేరు. కేసు గెలిచినా ఓడినా ఫీజు కింద ఒక బిస్కెట్ పుచ్చుకుంటాడు. ఇటుక రంగు, ఒక చెవి నిలువు, ఒక చెవి అడ్డం. జాతి ఏమిటంటే డాక్టరు కాసేపు ఆలోచించి ‘మిక్స్‌డ్’ అని రాసుకుంది. మా నాన్న లెక్కలో ఆయనకు ఇద్దరు కొడుకులు. అందులో ప్రయోజకుడు వాడు.

నాన్నకు డ్రైవింగ్ స్కూలు ఉంది. ఇంటి పక్క షెడ్డే ఆఫీసు, ఇంటి ముందు జాగాయే రివర్స్ నేర్పే గ్రౌండు. ఉన్నది ఒక్కటే కారు. నేర్చుకునేవాళ్లు కుడివైపు స్టీరింగు ముందు కూర్చుంటారు. నాన్న ఎడమవైపు కూర్చుంటాడు. ఆయన కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. వచ్చిన ప్రతివాళ్లకూ మొదటిరోజే చెప్తాడు, స్టీరింగు మీది, బ్రేకు నాది, ఈ కారులో ఏం జరిగినా పూచీ నాది, భయం లేకుండా తొక్కండి అని. నేను డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసై, నా స్థాయికి తగిన ఉద్యోగం ఈ భూమి మీద ఇంకా పుట్టనందువల్ల, అదే షెడ్డులో థియరీ చెప్తుంటాను. అంటే ‘హారన్ కొట్టరాదు’ బోర్డు చూపించి, దీని అర్థం హారన్ కొట్టరాదని, అని వివరిస్తాను.

సోమవారం సాయంత్రం టైలరమ్మ రివర్స్ నేర్చుకుంటోంది. మా సందు మొదట్లో బట్టలు కుట్టే ఆవిడ. ఇంకా కొత్త. నేను మేడ మీద ఆరిన బట్టలు తీస్తున్నాను. నాన్న వైపు అద్దం పూర్తిగా దించి ఉంది. పైనుంచి స్పష్టంగా కనిపించింది. నాన్న రెండు కాళ్లూ సీటు మీదికి లాక్కుని, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. గోడ అవతల నిలబడ్డ ఎదురింటి అత్తయ్యతో నీళ్ల పైపు లీకేజీ గురించి చర్చలు జరుపుతున్నాడు. వెనక చక్రం నీడలో ప్లీడరు పడుకుని ఉన్నాడు. వేరే ఏ కారు కదిలినా వాడు చెంగున లేచిపోతాడు. ఈ కారులో నాన్న ఉంటాడు కదా. లేవడు.

టైలరమ్మ బ్రేకు అనుకుని యాక్సిలరేటరు తొక్కింది. కొత్తవాళ్లు అందరూ ఎప్పుడో ఒకప్పుడు అదే తొక్కుతారు. అందుకే రెండో బ్రేకు. నేను అరిచాను. ప్లీడరు నాకన్నా గట్టిగా అరిచాడు.

అప్పటినుంచి నాన్న అందరికీ ఒకే మాట చెప్తున్నాడు. పాపం ఆవిడ కంగారుపడిందండీ అని. డాక్టరుకు చెప్పాడు, అమ్మకు చెప్పాడు, పాలవాడికి చెప్పాడు. టైలరమ్మకే చెప్పాడు, ఆవిడ వెక్కి వెక్కి ఏడుస్తుంటే, కంగారుపడ్డావమ్మా అని.

నేను మేడ మీంచి చూశానని ఆయనకు తెలియదు.

ఈ రోజు నుంచి ఆయనతో నాకు మాటల్లేవు. ఉప్పు అందుకోమని కూడా అనను. చప్పగా తింటాను.


ఆగస్టు 7

ప్లీడరుగారు ఇంటికి విచ్చేశారు. మెడ చుట్టూ ప్లాస్టిక్ గరాటు, తుంటి మీద గొరిగిన చర్మం, దాని మీద పొడవాటి కుట్టు, చుట్టూ కమిలిపోయి వంకాయ రంగు. అమ్మ చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. కుళాయి తిప్పిన చప్పుడు వచ్చింది. చాలాసేపు వచ్చింది.

డాక్టరు మాటకు ముందూ వెనకా ఏమీ పెట్టని మనిషి. నన్ను హీరో అంటుంది. మొదట్లో పొట్ట కింద తువ్వాలు వేసి లేపు హీరో, బరువు నువ్వు మొయ్యి. తర్వాత తర్వాత తువ్వాలు వదులు చెయ్యి, బరువు వాణ్ని మొయ్యనీ. ఎత్తుకుని తిప్పావంటే మాత్రం జన్మలో లేవడు, అంది. ఇంకో మాట కూడా అంది. కాలు పోయిందని కుక్కలు ఏడవవు, మనుషులు ఏడుస్తారు, అది చూసి కుక్కలు బెంబేలెత్తుతాయి, కాబట్టి మీ ఏడుపులేవో బాత్‌రూములో పెట్టుకోండి అని.

ఒక సమస్య. మా హాల్లో టైల్స్‌ని అమ్మ రోజూ అద్దంలా తుడుస్తుంది. నాలుగు కాళ్లున్న నేనే, అంటే చేతులతో కలిపి, దాని మీద రెండుసార్లు జారిపడ్డాను. మూడు కాళ్లవాడు ఏం నిలబడతాడు? జారకుండా ఏదో ఒకటి పరవాలి. షెడ్డులోకి వెళ్లి నాన్న కారులో రబ్బరు మ్యాట్లన్నీ పీక్కొచ్చి హాల్లో గుమ్మం దాకా పరిచాను. అడగలేదు. మాటల్లేవు కదా, ఎలా అడుగుతాను.

డ్రైవరు వైపు మ్యాటు మడమ దగ్గర అరిగి చిల్లిపడింది. నాన్న కాళ్లు పెట్టాల్సిన మ్యాటు మాత్రం నిన్న కొన్నట్టుంది. రబ్బరు మీది గీత కూడా చెరగలేదు.

ఆ మ్యాటు పట్టుకుని షెడ్డులో చాలాసేపు నిలబడ్డాను. ఎన్నేళ్ల నుంచి బాసింపట్టు వేసుకుని నేర్పుతున్నాడో ఈ మహానుభావుడు!


ఆగస్టు 8

మూత్రం పోశాడు. నా మీదే. ఇంత గర్వం నాకు కాన్వొకేషన్ రోజున కూడా కలగలేదు.


ఆగస్టు 10, ఆదివారం

పరామర్శలు. ఎదురింటి అత్తయ్య వచ్చింది. ఆవిడను మా సందులో రేడియో అత్తయ్య అంటారు, స్విచ్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ప్లీడరు ఎదురుగా కుర్చీ వేసుకుని, వాడికి వినపడేట్టే మొదలుపెట్టింది. అయ్యో అయ్యో, ఎలాంటి కుక్క ఎలా అయిపోయిందే వదినా, ఇంకేం కాపలా కాస్తాడు, మా తమ్ముడి కుక్కకి ఇలాగే అయితే వాళ్లు ఒక్క ఇంజెక్షన్‌తో పుణ్యం కట్టుకున్నారు, నీ కొడుక్కి పనేం లేదు కనుక సరిపోయింది గానీ, అంది.

చివరి వాక్యంలో నన్ను కూడా ఇంజెక్షన్ లిస్టులో చేర్చిందేమో తెలియలేదు.

అత్తయ్యా, సోమవారం మీరు లీకేజీ గురించి ఇంకో పది నిమిషాలు చెప్పి ఉంటే మిగతా మూడు కాళ్లు కూడా కలిసొచ్చేవి, అందామని నోటిదాకా వచ్చింది. టీ ఇచ్చాను. చక్కెర వెయ్యలేదు. ఇదీ నా విప్లవం.

ఆవిడ వెళ్లాక ప్లీడరు ఒక పని చేశాడు. ఎడమ చెవి దురదపెట్టినట్టుంది. తల ఆ పక్కకు వంచాడు, కళ్లు సగం మూశాడు, గోక్కోవడానికి సిద్ధమయ్యాడు. తుంటి దగ్గర కుట్టు కింద కండ టకటకా ఆడింది. లేని కాలితో గోక్కుంటున్నాడు. ఎంతసేపటికీ దురద తీరకపోతే కళ్లు తెరిచి నా వంక చూశాడు, కరెంటు పోయిందా అన్నట్టు.

గరాటులోకి చెయ్యి పెట్టి నేనే గోకాను. వాడి కండ ఆడినంతసేపూ గోకాను. తర్వాత డాక్టరు చెప్పినట్టే బాత్‌రూముకు వెళ్లాను.


ఆగస్టు 11

టైలరమ్మ వచ్చింది. ఇంతకు ముందు గేటు దాకా వచ్చి రెండుసార్లు వెనక్కి వెళ్లిపోయిందట, అమ్మ చూసిందట. ఈసారి లోపలికి వచ్చింది. చేతిలో సంచి. సంచిలో ప్లీడరుకు పట్టీ. పాత జీన్స్ గుడ్డ, లోపల మెత్తటి ఫ్లానల్, పైన రెండు పిడులు. వాడి పొట్ట కింద నుంచి తొడిగి పిడులు పట్టుకుంటే సూట్‌కేసులా పైకి లేస్తాడు. కొలతలు ఎప్పుడు తీసుకుందో, కుట్టు దగ్గర ఒరుసుకోకుండా అక్కడ మాత్రం వంపు తీసింది.

ప్లీడరు ఆవిణ్ని చూసి చిన్నగా ఒక పాయింటు లేవనెత్తి, వెంటనే వాదన విరమించి చెయ్యి నాకాడు. ఆవిడ ఏడుపు ఆపుకోలేకపోయింది. బాబూ, మిషను తొక్కడానికి కూర్చుంటే ఈ కాలే గుర్తొస్తోంది, ఈ కాలుతోనే కదా వాడి కాలు తీసేశాను, జాకెట్లు పేరుకుపోయాయి, అందరూ తిడుతున్నారు, మిషను ముందు కూర్చోబుద్ధి కావడం లేదు, అంది. కుడి పాదం వంక చూసుకుంటూ అంది, అదెవరిదో అన్నట్టు.

అప్పుడే నాన్న షెడ్డులోంచి వచ్చాడు. ఆవిడ లేచి రెండు చేతులూ జోడించింది. మాస్టారూ నన్ను క్షమించండి, నేర్చుకోవడం నాకొద్దు, నా వల్ల కాదు, అంది.

నాన్న ఏమన్నాడో తెలుసా, డైరీ మహాశయా? పర్లేదమ్మా, జరుగుతుంటాయి, అన్నాడు.

పర్లేదమ్మా!

క్షమించేశాడు! కాలు విరిచి, నింద ఆవిడ నెత్తిన పెట్టి, పైగా పెద్దమనసుతో క్షమించి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. ఇంతటి ఔదార్యం చూడటం నా జీవితంలో ఇదే మొదలు. నేను పళ్లు కొరికిన చప్పుడుకు ప్లీడరు చెవి నిలబెట్టాడు.


ఆగస్టు 12

ప్రతీకార ప్రణాళిక. కారు నాలుగు టైర్లలో గాలి తీసెయ్యాలి. షెడ్డు మీద ‘మీ భద్రత మా బాధ్యత’ అని బోర్డు ఉంది, దాని కింద ‘కుక్కలకు వర్తించదు’ అని పెయింటుతో రాయాలి. టైలరమ్మ ఇంటికి వెళ్లి, అమ్మా నీ కాలు తప్పేమీ లేదు, మా నాన్న కాళ్లదే తప్పు, అవి ఆ సమయంలో ఆయన ఒళ్లో ఉన్నాయి, అని చెప్పాలి. రేడియో అత్తయ్యకు చెప్తే ఇంకా తేలిక, సాయంత్రానికల్లా జిల్లా అంతా తెలుస్తుంది.

ప్రస్తుతానికి థియరీ క్లాసుతో మొదలుపెట్టాను. బోర్డు మీద కారు బొమ్మ గీశాను. ఎడమవైపు రెండో బ్రేకు గీశాను, కారు కన్నా పెద్దగా వచ్చింది. నేర్చుకునేటప్పుడు యాక్సిడెంటు అయితే పూచీ ఎవరిది అని అడిగాను. ముందు వరసలో బ్యాంకు ఉద్యోగి, నేర్చుకునేవాడిదే కదండీ అన్నాడు. తప్పు, కూర్చోండి, మీకు లైసెన్సు రాదు అన్నాను. ఆయన చాలా బాధపడ్డాడు.

నాన్న గుమ్మంలో నిలబడి విన్నాడు. బయటికి వెళ్లి కారు అద్దం తుడిచాడు. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాడు.


ఆగస్టు 14

ప్లీడరుకు పట్టీ తొడిగి పట్టుకునే సాయంత్రం డ్యూటీ నాది. ఎవరికీ ఇవ్వను. నాన్న క్లాసులు ముగించుకుని తాళాల గుత్తి ఆడించుకుంటూ హాల్లోంచే లోపలికి వెళ్లాలి. వెళ్లేటప్పుడు ప్లీడరు వంక చూడడు. గోడ వంక చూస్తూ వెళ్తాడు, గోడ మీద ఏదో కొత్త క్యాలెండరు పెట్టినట్టు. వీడు మాత్రం ఆ తాళాల చప్పుడు వినగానే తోకతో నేలను టపటపా బాదుతాడు.

నీకు ఆత్మగౌరవం లేదా అని అడిగాను. ఇంకా గట్టిగా బాదాడు.


ఆగస్టు 16, శనివారం

డాక్టరు కుట్లు విప్పింది. గాయం బంగారంలా మానింది అంది. గరాటు తీసేసింది. ప్లీడరు తల దులిపి, ప్రపంచం ఇంత వెడల్పుగా ఉంటుందని మర్చిపోయినట్టు అటూ ఇటూ చూశాడు.

తర్వాత నేల మీద పెట్టి, రా నాన్నా రా, అంది. వాడు పడుకున్నాడు. బిస్కెట్ చూపించింది. మెడ చాచాడు, మనిషి కదల్లేదు. ఇంట్లో తనంతట తాను లేవడానికి ట్రై చేస్తున్నాడా హీరో అని అడిగింది. లేదండీ అన్నాను. ఒక్కసారైనా? లేదు.

ఆవిడ మొహంలో నవ్వు పోయింది. మిగిలిన వెనక కాలి వేళ్లు నొక్కింది, వెన్నెముక మీద వేలితో తడుముకుంటూ వెళ్లింది. ఈపాటికి ఇల్లంతా తిరుగుతూ ఉండాలి, కండ కూడా తగ్గుతోంది, దెబ్బ వెన్నుకు కూడా తగిలిందేమో, అక్కడ నరం పోయుంటే ఈ కాలు కూడా పనికిరాదు, అంది. వచ్చే శనివారం దాకా చూద్దాం. అప్పటికీ లేవకపోతే మత్తిచ్చి టెస్టు చెయ్యాలి. అందులో కూడా తేడా వస్తే మాత్రం ఆలోచించుకోవాలి హీరో, అంది.

ఏం ఆలోచించుకోవాలో నేను అడగలేదు. ఆవిడ చెప్పలేదు. ప్లీడరు ఆ బిస్కెట్ ఇంకా ఇవ్వలేదేమిటని చూస్తున్నాడు.

రాత్రి భోజనాల దగ్గర నాన్న, అమ్మ వంక చూస్తూ, నాకు వినపడేట్టు అడిగాడు. డాక్టరు ఏమందట? అమ్మ చెప్పింది. ఆయన ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోయి, ఇంకా ఎందుకు వాడికి హింస, టెస్టులూ గిస్టులూ లేకుండా నిద్రపుచ్చెయ్యమందామా, అన్నాడు.

నేను లేచాను. కుర్చీ పడిపోయింది. తరువాయి రేపు రాస్తాను.


ఆగస్టు 17

నిన్న నేను నాన్నతో అన్న మాటలు, రికార్డు కోసం.

అవును, నిద్రపుచ్చెయ్యి, కాలు తీశావు, మిగతాది కూడా తీసెయ్, సాక్షి లేకుండా పోతాడు. నువ్వు బాసింపట్టు వేసుకుని కూర్చున్నావు. నేను మేడ మీంచి చూశాను. నీ మ్యాటు చూశాను, దాని మీద గీత చెరగలేదు. ఊరందరికీ బ్రేకు నాది బ్రేకు నాది అని చెప్పుకుంటావు, ఆ బ్రేకు మీద నీ కాలు ఎప్పుడైనా ఆనిందా? ఆవిడ ఇంట్లో కూర్చుని తన కాలు తానే తిట్టుకుంటోంది, నువ్వు పర్లేదమ్మా అంటావు. నీకు సిగ్గనిపించడం లేదా?

ఇంకా ఉన్నాయి. రాయదగినవి ఇవి.

నాన్న తిరిగి అరుస్తాడనుకున్నాను. దానికి కూడా ప్రిపేరయ్యే ఉన్నాను. ఆయన అరవలేదు. చూశావా, అన్నాడు. తర్వాత కంచం వంక చూస్తూ, మరి ఇన్నాళ్ల నుంచీ తెలిసి ఆవిడకి నువ్వెందుకు చెప్పలేదురా, అన్నాడు.

కోపంలో ఉన్నవాణ్ని మధ్యలో ఆపి ప్రశ్నలు అడగడం ఏం మర్యాద? చెయ్యి కడుక్కుని వచ్చేశాను.


ఆగస్టు 19, మధ్యాహ్నం

అమ్మ నా మీద విరుచుకుపడింది. ఇద్దరూ ఇద్దరే, ఒకడు కుక్క మీదికి కారెక్కిస్తాడు, ఇంకొకడు కారు లేకుండానే అందరి మీదికీ ఎక్కుతాడు, మీ మధ్యన వండి పెట్టలేక చస్తున్నాను, అంది. ఆ బ్యాంకాయనకి లైసెన్సు రాదన్నావట, పాపం వాళ్లావిడ వచ్చి అడుగుతోంది, ఎందుకు రాదు అని.

తర్వాత గొంతు తగ్గించింది. ఒరే, ఈ సాయంత్రం వాణ్ని నాకు వదిలెయ్యరా, నువ్వు అలా బయట తిరిగి రా, ఎన్నాళ్లయిందో గడప దాటి, అంది. అక్కర్లేదన్నాను. సాయంత్రాలు నేనే ఉంటాను.

అమ్మ పట్టీ పిడులు పట్టుకున్న నా చేతుల వంక చూసింది. ఏమీ అనలేదు. ఏదో ఒకటి అంటే బాగుండేది.


ఆగస్టు 20

ప్లీడరు లేవడం లేదు. శనివారం దగ్గరికొస్తోంది. బుర్ర పనిచెయ్యడం లేదు. ఈ రోజు జోకులకు సెలవు.


ఆగస్టు 21, గురువారం

నా కోపానికి ఉద్యోగం పోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే నాన్న ఎక్కడికో వెళ్లి వచ్చాడు. వెనక టైలరమ్మ ఉంది. వద్దు మాస్టారూ, నాకు భయం మాస్టారూ, అంటూనే వస్తోంది. నేను హాల్లో ప్లీడరు పక్కన కూర్చుని కిటికీలోంచి చూస్తున్నాను. నాన్న కారు తలుపు తీసి, కూర్చో తల్లీ, ఒక మాట చెప్పాలి, అన్నాడు. ఆవిడ స్టీరింగు ముందు కూర్చుంది. ఆయన వెళ్లి తన సీట్లో కూర్చోలేదు. ఆవిడ పక్కన తలుపు పట్టుకుని నిలబడ్డాడు. గొంతు తగ్గించలేదు. రేడియో అత్తయ్య గోడ దగ్గరే ఉంది, అది చూసి కూడా తగ్గించలేదు.

ఆ రోజు బ్రేకు మీద నా కాలు లేదమ్మా, అన్నాడు. సీటు మీద మడిచి పెట్టుకున్నాను. కబుర్లలో పడ్డాను. నువ్వు తప్పు తొక్కుతావనే నేనక్కడ ఉండేది. తొక్కావు. నేను లేను. అది నీ తప్పు కాదు. నువ్వు క్షమించమంటే పర్లేదన్నాను చూడు, అది దానికన్నా పెద్ద తప్పు, అన్నాడు.

టైలరమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అందుకుంది. అబ్బో, ఏం మనిషండీ మీరు! ఇన్నాళ్లు నాకు తిండి లేదు, నిద్ర లేదు, మిషను చూస్తే ఒళ్లు వణికేది, మా ఆయన నన్ను పట్టుకుని నీ కాలుకి పని చెప్పకు తల్లీ అని ఎగతాళి చేస్తుంటే నోరు మూసుకుని పడ్డాను! అప్పుడే ఒక్క ముక్క చెప్తే మీ సొమ్మేం పోయేదండీ? మాస్టారు మాస్టారు అని తలొంచుకుని తిరిగాను, మాస్టారట, అంది. ఇంకా చాలా అంది. నేను పదిహేను రోజులుగా ఈ డైరీలో అన్నదంతా ఆవిడ ఒక్క నిమిషంలో, వ్యాకరణం కూడా చెడకుండా, మొహం మీదే అనేసింది. నాన్న తల వంచుకుని విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా కానీ అనలేదు.

అంతా అయ్యాక ఆవిడ ఊపిరి పీల్చుకుని, ఎక్కండి, అంది. ఆయన ఎక్కాడు. కాళ్లు కింద పెట్టండి అంది. పెట్టాడు. రెండూ పెట్టండి, చూస్తున్నాను, అంది. అప్పుడు రివర్స్ వేసింది.

గోడ అవతల రేడియో అత్తయ్య నోరు తెరిచి నిలబడింది. ప్రసారాలు ఆగిపోయాయి. నీళ్ల పైపు ఎవరిదో, లీకేజీ ఎవరిదో, ఆ మాట మాత్రం ఆవిడ ఈ జన్మలో ఎత్తదు.

ఇంత జరిగితే నాకు ఎలా ఉండాలి? హాయిగా ఉండాలి కదా! ఒళ్లు మండిపోయింది. నేను చెప్పాల్సింది ఆయన చెప్పేశాడు. నేను చెయ్యాల్సిన ధైర్యం ఆయన చేసేశాడు, అదీ అందరి ఎదుట. ఇక నేను ఎవరి మీద కోపంగా ఉండాలి? ఇన్ని రోజులు కష్టపడి పెంచుకున్న కోపం. దాన్ని ఎక్కడ దించాలో తెలియడం లేదు. చుట్టూ చూస్తే హాల్లో నేనొక్కణ్నే ఉన్నాను.


ఆగస్టు 22, శుక్రవారం, రాత్రి

ప్లీడరు లేచాడు.

సాయంత్రం తాళాల చప్పుడు వినపడింది. నాన్న గుమ్మంలోకి వచ్చాడు. ఈసారి గోడ వంక చూడలేదు, వాడి వంక చూశాడు. వాడు ముందుకాళ్లు తన్నిపెట్టి, వెనక ఒక్క కాలు కింద ముడుచుకుని, ఒక్క ఊపులో లేచాడు. పక్కకు ఒరిగాడు. పడలేదు. మ్యాట్ల మీదుగా గెంతుకుంటూ, అవి అయిపోయిన చోట టైల్స్ మీద జర్రున జారి, మళ్లీ నిలదొక్కుకుని, వెళ్లి నాన్న కాళ్లకు కొట్టుకున్నాడు.

నాన్న అక్కడే, గుమ్మంలోనే, కూలబడిపోయాడు. వీడు ఆయన ఒళ్లో తల పెట్టాడు. ఇంత పెద్ద కేసు. సాక్షులున్నారు, ఆధారాలున్నాయి, ముద్దాయి నేరం ఒప్పుకున్నాడు. ప్లీడరు ఒక్క మాట వాదించలేదు! ముద్దాయి చెవులు నాకి కేసు కొట్టేశాడు. నాన్న వాడి తుంటి మీద చెయ్యి వేసి, ఏమీ లేని ఆ చోట తడిమి తడిమి ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. ఎలా చూడాలో కూడా తెలియలేదు.

అమ్మ డాక్టరుకు ఫోను చేసింది. ఆవిడ అవతల నుంచి అరిచింది, శభాష్ హీరో, టెస్టూ గిస్టూ వద్దు, రేపు ఊరికే తీసుకురా, నేను వాడి నడక చూడాలి, అని. రేడియో అత్తయ్య పరుగెత్తుకొచ్చి, ఆ పిల్లాడి సేవే సేవ వదినా, కన్నబిడ్డకు కూడా ఎవరూ అలా చెయ్యరు, అంది. టైలరమ్మ వచ్చి, వాడికి ఇంక పట్టీ అక్కర్లేదు కదా, నీకు దాంతో సంచి కుడతాను బాబూ, అంది.

అందరూ వెళ్లాక నాన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. నేను చెడగొట్టాను, నువ్వు లేపావురా, అన్నాడు.

ఆ చెయ్యి తీసేస్తే బాగుండునని అనుకున్నాను.


ఆగస్టు 23, డాక్టరు దగ్గరికి బయలుదేరేముందు

టైర్లలో గాలి తియ్యలేదు. బోర్డు మీద పెయింటు వెయ్యలేదు. టైలరమ్మకు చెప్పలేదు. ఇందులో రాసిన ప్రతీకారాల్లో ఒక్కటీ చెయ్యలేదు. చేసింది ఒక్కటే. అది ఇందులో రాయలేదు.

ప్లీడరు మొదటిసారి లేవబోయింది నిన్న కాదు. పట్టీ వచ్చిన మర్నాడే. నాన్న తాళాల చప్పుడుకు. ముందుకాళ్లు తన్నిపెట్టి, సరిగ్గా నిన్నటిలాగే. ఆయన దగ్గరికి వెళ్లడానికి.

నేను రెండు పిడులూ పట్టుకుని కిందికి నొక్కాను. రోజూ సాయంత్రం, మొన్నటిదాకా. ఆయన లోపలికి వెళ్లి తలుపు వేసుకునేదాకా. ఒక్కసారైనా ట్రై చేశాడా అని డాక్టరు అడిగినప్పుడు లేదన్నాను.

నొక్కినంతసేపూ వాడు తల వెనక్కి తిప్పి నా చెయ్యి నాకేవాడు, పడిపోకుండా పట్టుకుంటున్నాననుకుని.